ఐపీస్‌లో నలుసు

"అరే, ఆగు! నలభై రెట్ల ఆబ్జెక్టివ్ లెన్స్ వెట్టి పెద్ద నాబ్ దిప్పుతరా ఎవరన్న? స్లైడ్ పగుల్తది!"

మైక్రోస్కోప్ మీద అభిలాష్ చేయి అక్కడే ఆగిపోయింది. మేడ్చల్ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ధరణి నోటికి జడవనివాళ్లు లేరు.

"పెద్ద నాబ్ చిన్న ఆబ్జెక్టివ్ ఉన్నప్పుడే. నలభైల చిన్న నాబే దిప్పాలె. లే, నేను జూస్త."

అతను నవ్వుతూ స్టూలు ఖాళీ చేశాడు. ఇవాళ్టి స్లైడ్ మార్కుల కోసం కాదు. అభిలాష్ నాయిన మైసయ్యకు శామీర్‌పేటలో చేపల గుంట ఉంది. పొద్దున్నుంచి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, కొన్ని చచ్చి తేలాయి కూడా. పురుగేమైనా పట్టిందేమో చూద్దామని అభిలాష్ ఒక మొప్ప ముక్క తెచ్చాడు.

ధరణి స్టేజ్ మీద స్లైడ్‌ను క్లిప్పులతో బిగించింది. కండెన్సర్ సరిచేసి, డయాఫ్రమ్ కొంచెం మూసింది. వెలుతురు మరీ ఎక్కువైతే పల్చటి మొప్ప కనిపించనే కనిపించదు. చిన్న నాబ్ వెంట్రుకవాసి తిప్పగానే దువ్వెన పళ్లలాంటి మొప్పలు తేటపడ్డాయి. వాటి మధ్య నల్లగా, తోకతో ఏదో ఉంది.

"పురుగే! తోక గూడ ఉన్నది."

"పక్కానా?"

"నామీద నమ్మకం లేదా?"

నమ్మకం ఉండబట్టే అతను వెంటనే నాయినకు ఫోన్ చేసి, దారిలో పురుగుకు మందు కొనుక్కొస్తానంటూ వానలోనే బండి తీశాడు.

ధరణికి సంబరమే సంబరం. అతని దగ్గర మెప్పు పొందడం ఆమెకెంత ఇష్టమో ఆమెకే తెలుసు. ఆ హుషారులో మళ్లీ ఓసారి చూసింది. స్లైడ్ జరిపితే మొప్పలు జరిగాయి, పురుగు జరగలేదు. ఆబ్జెక్టివ్ మార్చింది, అయినా అక్కడే ఉంది. కన్ను పెట్టి చూసే ఐపీస్‌ను పట్టుకుని తిప్పింది. దాంతోపాటు పురుగూ గుండ్రంగా తిరిగింది.

ఓరి దేవుడా! అది ఐపీస్ అద్దానికి అంటుకున్న నూలుపోగు!

తుడిచేసి, పరుగున పోయి లెక్చరర్ శోభారాణి మేడమ్‌ను పిలుచుకొచ్చింది. మేడమ్ స్లైడంతా వెతికారు.

"మొప్పలు మంచిగనే ఉన్నయమ్మా. ముసురు వడ్తనే ఉన్నది గదా, నీళ్లల్ల గాలి చాలుతలేదేమో. మోటర్ వెట్టి నీళ్లు చిమ్మమను. ఇప్పుడు మందు వోస్తే ఉన్నయి గూడ పోతయి."

అభిలాష్ ఫోన్ ఎత్తడం లేదు. ధరణి షేర్ ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఒకటే దిగులు. చేపలు చస్తే పాపం తనదే. ఇక అతను తన ముఖం చూస్తాడా?

గుంట గట్టున మైసయ్య బకెట్లో మందు కలుపుతున్నాడు. పక్కనే అభిలాష్.

"కాకా, ఆగుండ్రి! పొయ్యకుండ్రి!" బురదలో జారుకుంటూ వచ్చింది ధరణి. "పురుగు లేదు. నలుసు ఐపీస్ల ఉంటే, నేను చేపల ఉన్నదన్న. తప్పు నాదే. మేడమ్ మోటర్ వెట్టమన్నది."

మైసయ్య బకెట్ పక్కన పెట్టి మోటారు వేశాడు. పైపులోంచి నీళ్లు పైకి చిమ్మాయి. చేపలన్నీ ఆ ధార కిందికి చేరి, కాసేపటికి ఒక్కొక్కటే లోపలికి మునిగాయి. అప్పుడుగానీ ధరణి అభిలాష్ వైపు తిరగలేదు.

"నామీద కోపం రాలేదా?" అడిగింది నెమ్మదిగా.

"నామీద నాకే వస్తాంది," అన్నాడు అభిలాష్. "నువ్వు జెప్పినంక నేను గూడ కన్ను వెట్టి జూడాలె గదా. జూడలే."

"ఎందుకు జూడలే?"

"నిన్ను జూసుకుంట గూసున్న." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మస్తు రోజుల సంది గిదే పని. నువ్వంటే నాకు పానం, ధరణీ."

"నాగ్గూడ," అంది ధరణి, నీళ్లవైపు చూస్తూ. "గట్లని మైక్రోస్కోప్ జూసుడు బంద్ వెడ్తవా?"

మోటారు దగ్గర్నుంచి మైసయ్య కేకేశాడు.

"ఒరేయ్, పిల్ల తడుస్తాంది, కనవడ్తలేదా? జల్దీ ఇంటికి తోల్కపో. చాయ్ వెట్టమను మీ అమ్మను. ఎవరొచ్చిన్రని అడిగితే కోడలని జెప్పు!"