గాలి కొట్టే వంతు

సైకిళ్లకు గాలి కొట్టడంలో తనను మించినవాడు లేడని పంక్చర్ల షాపాయన ముప్పై ఏళ్లుగా కోతలు కోశాడు. ఆ పొగరంతా ఇప్పుడు వేళ్లలోంచి దిగిపోతోంది. భార్యకు ఫ్లూ జ్వరం ముదిరి న్యుమోనియాలోకి దిగింది. ఆ ఆసుపత్రిలో వెంటిలేటర్లు రెండే. రెండూ ఖాళీ లేవు. డాక్టరు ఆమె గొంతులో గొట్టం వేసి, దానికి తగిలించిన రబ్బరు సంచిని ఇతని చేతిలో పెట్టాడు.

"ఐదు లెక్కపెట్టు, ఒకసారి నొక్కు. నువ్వు ఆపావో, ఆవిడ ఊపిరి ఆగినట్టే."

నిన్నటి నుంచీ నొక్కుతూనే ఉన్నాడు. అంటుకుంటుందని చుట్టాలెవరూ గుమ్మం తొక్కలేదు.

"ట్యూబుకైతే ఒకసారి కొడితే వారం నిలుస్తుందే," అన్నాడు భార్యతో. ఆమె నవ్వలేదు. తెలివిలో ఉన్నప్పుడు కూడా అతని జోకులకు నవ్వింది లేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఫినాయిలు వాసన, తడిగోడల వాసన. వార్డు ఆ చివర ఎవరిదో దగ్గు... మూడు, నాలుగు, ఐదు. నొక్కు. మూడు... నాలుగు...

ఉలిక్కిపడి లేచాడు. చేతులు ఖాళీ!

సంచి మాత్రం ఆడుతోంది. మంచానికి అవతల ఒక ముసలావిడ కూర్చుని నొక్కుతోంది.

"పడుకో నాయనా," అంది గుసగుసగా. "పక్క మంచం మావాడిదే. ఇక్కడంతా వంతులే. నీకు నేను, నాకు నువ్వు."

"నీ కడుపు చల్లగుండాలమ్మా," అంటూ గోడకు చేరగిలబడ్డాడు.

సాయంత్రం సిస్టరు తట్టి లేపింది. సంచి మళ్లీ అతని కుడిచేతిలోనే ఉంది.

"బాబాయ్, మిషను ఖాళీ అయింది. ఆవిడని పైకి తీసుకెళ్తున్నాం."

"ఇంతసేపూ నొక్కింది నేను కాదమ్మా. పక్క మంచం అబ్బాయి తల్లి."

సిస్టరు ముఖం పాలిపోయింది. "ఆ మంచం వారం నుంచి ఖాళీ. ఆ అబ్బాయి తల్లి పాపం మూడు రోజులు ఒక్కతే నొక్కింది. సాయానికి ఎవరూ లేరు. సంచి పట్టుకునే ఒరిగిపోయింది. మేం చూసేసరికి ఇద్దరూ..."

వార్డు మనిషి వచ్చి సంచి అందుకున్నాడు. భార్య స్ట్రెచరు కదిలింది.

"రా బాబాయ్. ఇంక నీ పని అయిపోయింది."

అతను లేవలేదు. ఎడమచెయ్యి పక్క మంచం మీదికి చాచి ఉంది. గుప్పిట మూసుకుంటోంది... తెరుచుకుంటోంది... అతను చెప్పకుండానే. కంటికేమీ కనబడటం లేదు. వేళ్లకు మాత్రం వెచ్చటి రబ్బరు తగులుతోంది.

"నువ్వెళ్లమ్మా," అన్నాడు మెల్లగా. "మా ఆవిడ దగ్గర ఎవరైనా ఉండండి. నా వంతు ఇంకా అవలేదు."

పిచ్చిపట్టిందనుకుంటుందేమోనని సిగ్గుపడుతూ తలెత్తాడు. సిస్టరు అతని వంక చూడటం లేదు. ఖాళీ మంచం మీది దుప్పటి వంక చూస్తోంది. ఆమె పెదవులు లెక్కపెడుతున్నాయి... మూడు... నాలుగు...

దుప్పటి పొంగింది.