పుక్కిలించే ఇల్లు

ఆ వీధి చివరి మేడకి పేరు మంచిది కాదు. చీకటి పడితే దానిముందు ఎవరూ ఆగరు. ట్యాక్సీవాడు కూడా నాలుగిళ్ళ ఇవతలే దింపేసి, చిల్లర అడిగేలోపు బండి తిప్పేస్తాడు.

పున్నమికీ అమావాస్యకీ ఆ ఇంట్లో ఎవరో పుక్కిలిస్తారట. కింది అంతస్తు స్నానాలగదిలో. గొంతు నిండా నీళ్ళు పోసుకుని... గుడగుడ... గుడగుడ... కాసేపు ఆపి, మళ్ళీ. తెల్లారి చూస్తే హాల్లో తడి మరకలు.

మునిగిపోయిన మనిషెవరో ఊపిరి కోసం తిరుగుతున్నాడని కొందరు. మగమనిషి కాదు ఆడమనిషని కొందరు. ఆ చచ్చిన మనిషి పేరు మాత్రం ఒక్కడికీ తెలీదు. పేరు తెలీని చావుకి ఇంత ప్రచారమేమిటని అడిగిన మహానుభావుడూ లేడు.

నేను ఇళ్ళకి రంగులు వేసే మనిషిని. జనం ఇళ్ళు ఎలా కొంటారో ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. పావుకిలో వంకాయలు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమోనని తిప్పి తిప్పి చూసే మనిషి, ఇల్లు కొనేటప్పుడు కిటికీ దగ్గర నిలబడి ‘ఆహా, ఏం గాలి’ అంటాడు. అంతే. సంతకం పెట్టేస్తాడు.

ఆ మేడ కొన్నాయన పళ్ళ డాక్టరు. ఊళ్ళో అందరి నోళ్ళలోకీ తొంగిచూస్తాడు గానీ ఒక్కరి మాటా చెవిన వేసుకోడు. ఈ సంగతంతా నాకు ఆయన భార్యే చెప్పింది.

ఇల్లు చూపించిన రోజు బ్రోకరు హాల్లో ఆగి, గొంతు తగ్గించాడట.

“మీ దగ్గర దాచడమెందుకు సార్... ఈ ఇంటికి కాస్త పేరుంది. రాత్రిళ్ళు ఏదో పుక్కిలిస్తుందంటారు.”

డాక్టరు పగలబడి నవ్వాడు. “అయితే నా పేషెంటే కదయ్యా. పంపించు, పళ్ళు చూస్తాను.”

ఆవిడ నవ్వలేదు. కిటికీలోంచి చూసింది. ప్రహరీ అవతల ఇసుక, ఇసుక అవతల నీళ్ళు. “ఏమండీ,” అంది మెల్లిగా, “సముద్రం ఇంత దగ్గరుంది. ఈ స్థలం వరద జోన్లో ఉందేమో, పురపాలక ఆఫీసులో ఒక్కసారి అడుగుదామా?”

“దెయ్యమంటే భయమని చెప్పు. మధ్యలో ఈ వరద గోలేమిటి?”

ఆయన దెయ్యం సాకు చెప్పి బేరమాడాడు. బ్రోకరు బుర్ర గోక్కుంటూ గోక్కుంటూ దిగొచ్చాడు. బ్రోకర్నే బురిడీ కొట్టించానని డాక్టరు వారం రోజులు చంకలు గుద్దుకున్నాడు.

ముందు హాల్లో కుర్చీ, దీపం, మందుల అలమర పెట్టి క్లినిక్ తెరిచాడు. డాక్టరు తల్లికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. ఆవిడ మంచం వెనక గదిలో వేశారు. స్నానాలగది పక్కనే. మొగుడూ పెళ్ళాలు పైన.

మొదటి పున్నమి వచ్చింది.

రాత్రి రెండో ఝాము... గుడగుడ.

పైన డాక్టరు భార్యకి మెలకువ వచ్చింది. చెవి ఒగ్గి పడుకుంది. గుడగుడ... గుడగుడ... ఎవరో తల వెనక్కి వాల్చి, గొంతులో నీళ్ళు ఆడిస్తున్నట్టు. మధ్యలో ఒక మూలుగు.

“ఏమండీ... లేవండి.”

డాక్టరు టార్చి తీసుకుని లేచాడు. నమ్మని మనిషి కదా — నమ్మనివాడికి మెట్లు దిగడానికి పెళ్ళాం తోడెందుకో వాడికే తెలియాలి. ఒక్కో మెట్టూ దిగారు. చప్పుడు ఆగింది. స్నానాలగది తలుపు ఓరగా ఉంది. కాలితో నెట్టాడు.

లోపల ఎవరూ లేరు.

నేలమీద జాలీ ఉంది. దాని కన్నాల్లోంచి నల్లటి నీళ్ళు బుడగలు కడుతూ పైకి వస్తున్నాయి. వచ్చి, గడప దాటి, ముసలావిడ గదివైపు తిరుగుతున్నాయి. డాక్టరు భార్య వంగి వేలు ముంచి నాలిక్కి తాకించుకుంది.

ఉప్పు.

మర్నాడు గొట్టాలు బాగుచేసే మనిషి వచ్చాడు. “దెయ్యమూ లేదు, పాడూ లేదు. ఈ గొట్టం తిన్నగా సముద్రంలోకే పోతుంది. పోటు పెద్దదైన రోజున నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. అది సరే గానీ డాక్టరుగారూ, ఇల్లు ఏ జోన్లో ఉందో చూసుకునే కొన్నారా?”

“నీ పని నువ్వు చూసుకో,” అన్నాడు డాక్టరు. దెయ్యం లేదని తేలిపోయింది. తన తెలివి నిలబడింది. అంతకంటే ఆయనకేం కావాలి?

ఆవిడ మాత్రం ఆయనకి చెప్పకుండా పురపాలక ఆఫీసుకి వెళ్ళింది. గుమస్తా బీరువాలోంచి పటం తీసి బల్లమీద పరిచాడు. ఊరంతా తెల్లగా ఉంది. సముద్రం పక్కన కొంత మేర పసుపు. అందులో ఓ చిన్న ముక్క ఎర్రగా. గుమస్తా వేలు ఆ ఎర్ర ముక్క మీద ఆగింది.

“ఎరుపంటే వరద ముంచే చోటు. మీ ఇల్లు ఇదేనమ్మా. కొనేముందు ఎవరైనా వచ్చి అడిగితే ఊరికే చూపిస్తాం. ఎవరూ రారు.”

“ఇంటికి బీమా పాలసీ ఉందండీ...”

“మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు. దానికి వేరే తీసుకోవాలి. తీసుకున్న రోజు నుంచి ముప్ఫై రోజులు గడిస్తేనే అమల్లోకి వస్తుంది. గాలివాన కబురు విన్నాక పరిగెత్తుకొస్తే లాభం లేదు. ఈ నెలలోనే తీసుకోండి. పెద్దవాళ్ళుంటే పైకి మార్చండి.”

ఆవిడ ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ విన్నాడు. “ఒకడు దెయ్యం చూపించి భయపెడతాడు, ఒకడు పటం చూపించి. ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ ఇల్లు నేను కొన్నానని కూలిపోతుందా? చూద్దాంలే.”

చూద్దాంలే. మన జనానికి ఇదొక మంత్రం. దీంతో పంటి పుచ్చు కూడా తగ్గదు. ఆ ముక్క రోజూ పేషెంట్లకి చెప్పేది ఆయనే.

మూడు నెలలు పోయాయి. ఒక సాయంత్రం రేడియోలో గాలివాన కబురు చెప్పారు. ఎల్లుండి రాత్రి తీరం దాటుతుందట.

అప్పుడు డాక్టరు బీమా ఏజెంటుకి ఫోన్ చేశాడు. “ఆ వరద పాలసీ ఏదో ఇప్పుడే ఇచ్చెయ్యండి.”

“ఇస్తాం డాక్టరుగారూ. ముప్ఫై రోజుల తర్వాత పనికొస్తుంది.”

“గాలివాన ఎల్లుండి కదయ్యా.”

“ఆ మాట గాలివానకి చెప్పి చూడండి సార్,” అన్నాడు ఏజెంటు. వాడిని తప్పు పట్టను.

ఊరు వదిలి వెళ్దామని ఆవిడ బతిమాలింది. క్లినిక్ వదిలి రానన్నాడు. కనీసం అత్తగారినైనా పైకి తీసుకెళ్దామంది. “పొద్దున చూద్దాం.”

చెప్పిన రాత్రికే గాలివాన వచ్చింది. దీపాలు పోయాయి. గాలి తలుపుల్ని గుద్దుతోంది. ఆ హోరులోనే... గుడగుడ. ఈసారి ఒక గొంతు కాదు. స్నానాలగది, వంటిల్లు, క్లినిక్‌లో పేషెంట్లు ఉమ్మే గిన్నె — అన్నీ ఒక్కసారి పుక్కిలించడం మొదలుపెట్టాయి.

ఆవిడ మెట్లు దిగింది. చివరి మెట్టు మీద కాలు నీళ్ళలో పడింది.

“అత్తయ్యా...”

వీధి తలుపు విరిగిన చప్పుడైంది. నీళ్ళు ఒక్క పెట్టున నడుము దాకా లేచాయి. చీకట్లో చేతులతో తడుముకుంటూ వెళ్ళింది. మంచం తేలుతోంది. మంచం మీద ముసలావిడ కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. వెనక టార్చి వెలుగుతో డాక్టరొచ్చాడు. చెరో జబ్బా పట్టుకుని, నీళ్ళలో ఈడ్చుకుంటూ మెట్లదాకా చేర్చారు. అప్పటికి నీళ్ళు చంకలకి వచ్చాయి.

పైన మంచం మీద కూలబడి, ముసలావిడ చాలాసేపు రొప్పింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“నీ పెళ్ళాం మాట ఒక్కటి వింటే నీ సొమ్మేం పోయేదిరా?”

తెల్లారి బీమా కంపెనీ మనిషి బురదలో నడుచుకుంటూ వచ్చాడు. “పైనుంచి పడ్డ నీళ్ళకి ఇస్తాం. కిందనుంచి లేచిన నీళ్ళకి ఇవ్వం,” అని చెప్పి వెళ్ళిపోయాడు. డాక్టరు బ్రోకరుకి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. వాడు ఓపిగ్గా విన్నాడట.

“దెయ్యముందని చెప్పానుగా సార్. దెయ్యమంటే బేరమాడతారు. నీళ్ళొస్తాయంటే ఆ బేరమే ఉండదు. మీలాంటి ధైర్యవంతుల కోసమే ఆ కథ కట్టింది.”

పదిహేను రోజులకి నన్ను పిలిచారు. హాల్లో గోడలు ఉబ్బి పొక్కులెక్కాయి. “గబగబా రెండు పూతలు వేసెయ్,” అన్నాడు డాక్టరు. “అమ్మేద్దాం.”

“ముందు గోకండి,” అంది ఆవిడ. “సున్నం దాకా గోకండి. ఈ గోడ కింద ఏముందో చూసే రంగు వేద్దాం.”

నేను కదల్లేదు. ఆవిడ నా చేతిలోంచి గోకుడుబిళ్ళ లాక్కుని తనే మొదలుపెట్టింది. పొక్కులు పెచ్చులుపెచ్చులుగా రాలాయి. రొమ్ము ఎత్తున ఒక నల్ల గీత బయటపడింది. దాని కింద అక్షరాలు. వాటికి జానెడు పైన ఈ కొత్త నీళ్ళ మరక.

ఆవిడ చేత్తో దుమ్ము తుడిచి, పైకే చదివింది.

“నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి. మా నాన్న వెనక గదిలో పడుకునేవాడు. ఈ ఇల్లు కొనేవాళ్ళు కింద ఎవరినీ పడుకోబెట్టకండి.”

డాక్టరు పేషెంట్ల కుర్చీలో కూలబడ్డాడు. పై గదిలోంచి ఆయన తల్లి దగ్గు వినపడింది.

ఆవిడ నావైపు తిరిగింది. “ఇంత స్పష్టంగా రాసి ఉంటే, దీనిమీద రంగు వేసిన వెధవ ఎవడండీ? చదువు రానివాడా?”

“వచ్చమ్మా,” అన్నాను. “లేత నీలం. సాయంత్రానికల్లా అయిపోవాలన్నాడు బ్రోకరు... చదివే వేశాను.”