మార్తమ్మ అడగని ప్రశ్న

పొద్దుటి రైలు కూతపెట్టి రేపల్లె స్టేషను వదిలే వేళకు మార్తమ్మ ఇంట్లో తాళం ఒకసారి లాగి చూసుకుంటుంది. వీధి తలుపు తాళం కాదు. ఆ ఇంట్లో దొంగలకు పనికొచ్చే వస్తువేదీ లేదు. ఆమె చూసుకునేది వంటింటి తాళం. అది బిగించే ఉందని నమ్మకం కుదిరాకే ప్రార్థనకు మోకరిస్తుంది. అప్పుడు కూడా ఒక కన్ను కూతురు పడుకున్న గది వైపే ఉంటుంది.

"దేవుడితో మాట్లాడుతూ ఆ పక్కచూపులేంటి మార్తా?" అన్నాడు ఓ పొద్దున భర్త రాజారత్నం మేష్టారు, బడికి వెళ్లడానికి చొక్కా వేసుకుంటూ.

"ఆయనకి అన్నీ తెలుసులెండి. తెలీనిది మీకే."

రెండేళ్ల కిందట, తొంభై ఒకటిలో, ఆ వంటింట్లోనే పంపు స్టవ్వు మంటలు అంటుకుని కూతురు ఎస్తేరు కాలిపోయింది. అప్పటికి ఇరవయ్యారేళ్ల పిల్ల, తండ్రి బడిలోనే టీచరు. ఎడమ చెంప, మెడ, చెయ్యి కాలాయి. గుంటూరు ఆసుపత్రిలో నెలల తరబడి ఉండి, ప్రాణంతో ఇంటికొచ్చింది. అంత గండం గడిచాక ఇల్లు ఊపిరి పీల్చుకోవాలి కదా. మార్తమ్మ ఊపిరి మాత్రం ఆ రోజు నుంచీ బిగబట్టే ఉంది.

కూతురు ఇంటికొచ్చిన రోజే గోడమీది అద్దం తీసి బీరువాలో దాచింది. కూతుర్ని వంటింట్లోకి రానివ్వదు, పెరట్లో బావి దగ్గరికి వెళ్లనివ్వదు. ఎవరైనా పలకరించడానికొస్తే గది కర్టెను లాగేసి, "పడుకుందండీ" అని వరండాలోంచే పంపించేస్తుంది. లోకులు పలుగాకులు, వాళ్లకి చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఎస్తేరు కూడా వీటన్నిటికీ ఒకటే అర్థం చెప్పుకుంది. అమ్మకి నేనంటే సిగ్గు. అలా అనుకున్నప్పుడల్లా కాలిన చోటుకంటే గుండెలో ఎక్కువ మండేది.

ఆ పొద్దున చెప్పులు వేసుకుంటూ మేష్టారు గొంతు సవరించుకున్నాడు.

"బాపట్లలో ఆడపిల్లల బోర్డింగు బడిలో టీచరు పోస్టు ఖాళీగా ఉందట. మన ఎస్తేరు సంగతి చెప్పాను. సోమవారం వచ్చి చేరమన్నారు."

"అక్కడెక్కడుంటుంది?" మార్తమ్మ గబుక్కున అడిగింది.

"బోర్డింగు పక్కనే గది ఇస్తారు. స్టవ్వు కొనుక్కుంటే వండుకోవచ్చు."

గది. లోపల గడియ. స్టవ్వు. పక్కన మనిషి ఉండడు.

"వీల్లేదు."

"ఎందుకు వీల్లేదమ్మా?" ఎస్తేరు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నా ఒళ్లు బాగై ఏడాదైంది. నేను వెళ్తాను."

"వీల్లేదన్నాగా!"

"ఎందుకో చెప్పు."

కారణం మార్తమ్మ నోటికి రాదు. రెండేళ్లుగా ఆ మాటను గొంతులోనే నొక్కి పెట్టింది. కూతుర్ని ఆపాలి, ఎలాగైనా ఆపాలి అన్న భయంలో చేతికందిన రాయి విసిరేసింది.

"నీ మొహం చూస్తే పిల్లలు జడుసుకుంటారే!"

మేష్టారు చెప్పులు వేసుకోవడం ఆపేశాడు. ఎస్తేరు చీర కొంగు మెడ చుట్టూ కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మేష్టారు భార్యను చూసిన చూపులో తిట్టు కూడా లేదు. బడి గంట వేళవుతుంటే తలవంచుకుని వెళ్లిపోయాడు. నోరు జారితే తీసుకోలేం. మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వరండాలో కూలబడింది.

అలా ఎంతసేపు కూర్చుందో, "పిన్నిగారూ, బాగున్నారా?" అన్న పిలుపు వినిపించి తలెత్తింది. తెనాలి అమ్మాయి అబీదా. గుంటూరులో ఎస్తేరు ఉన్న వార్డులో నర్సుగా చేసింది. ఇప్పుడు పై చదువు చదువుతోందట. కాలిన గాయాలతో బతికి బయటపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి, జనం తమను ఎలా చూస్తున్నారని వాళ్లకు అనిపిస్తోందో అడిగి, మార్కులు వేసి తెలుసుకుంటోందట. వస్తానని ముందే కబురు పెట్టింది కాబట్టి మార్తమ్మ పంపించలేకపోయింది.

"దానికి మార్కులేంటమ్మాయ్? ఇదేమన్నా పరీక్షా?"

"పరీక్షే పిన్నిగారూ. కాకపోతే వాళ్లకి కాదు, మనకి. ఎస్తేరుగారితో ఒక్కదాన్నే మాట్లాడాలండి. ఏమనుకోకండి."

మార్తమ్మ సరేనంది. కానీ కర్టెను ఇవతలే, గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది. కూతుర్ని ఎవరేం అడుగుతారో, అది ఏం చెబుతుందో, ఆ చెప్పడంలో ఏం బయటపడుతుందోనని చెవి ఒగ్గింది.

లోపల అబీదా నెమ్మదిగా అడుగుతోంది.

"వీధిలో జనం మిమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటారా? లేనే లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ప్రతిసారీ. వీటిలో ఒకటి చెప్పండి."

"నేను వీధిలోకి వెళ్తేగా సిస్టర్?"

"బస్సులో మీ పక్కన కూర్చోడానికి వెనకాడతారా?"

"బస్సెక్కే పనేం పడలేదు."

"ఇలాగైతే మీకు మార్కులే పడవండీ" అని నవ్వబోయి అబీదా ఆగిపోయింది. కాగితం తిప్పిన చప్పుడైంది. "పోనీ, మీ ఇంట్లోవాళ్లు మీ మూలంగా సిగ్గుపడుతున్నారని అనిపిస్తుందా?"

"ప్రతిసారీ."

ఆలోచించలేదు, తడుముకోలేదు. గుమ్మం మీద మార్తమ్మ వేళ్లు బిగిశాయి.

"నలుగురి కంటా పడకుండా మిమ్మల్ని దాస్తున్నారని?"

"ప్రతిసారీ. నాన్న కాదు, అమ్మ."

సిగ్గా! ఆ పిల్ల కునుకు పట్టాక దగ్గరికెళ్లి, ఊపిరి ఆడుతోందా లేదా అని వంగి చూసి, ఆ కాలిన చెంపకే ముద్దు పెట్టుకునే తల్లికి సిగ్గా! లోపలికెళ్లి చెప్పాలనిపించింది. కానీ అది కాదంటే ఏది అవునో కూడా చెప్పాలి. ఆ ధైర్యం ఆమెకు లేదు.

ఇంతలో అబీదా గొంతు ఇంకా తగ్గించింది. "ఇలా బతికేకంటే ఆ రోజే పోయుంటే బాగుండేదని మీకెప్పుడైనా…"

"ఆపు!" మార్తమ్మ కర్టెను లాగేసి లోపలికొచ్చి పడింది. "ఆ మాట దాన్ని అడక్కు తల్లీ! నీకు దణ్ణం పెడతాను. దానికి మళ్లీ ఆ ఆలోచన పుట్టించకు!"

"అందరినీ అడిగేదే పిన్నిగారూ…"

"మళ్లీ ఏంటమ్మా?" అంది ఎస్తేరు.

మార్తమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"మళ్లీ అన్నావు. మొదటిసారి ఎప్పుడు పుట్టింది నాకా ఆలోచన?" ఎస్తేరు లేచి నిలబడింది. తల్లి మొహంలోకి చూస్తూ చూస్తూ తన మొహం పాలిపోయింది. "నువ్వు కూడానా అమ్మా? నేనే ఒంటిమీద కిరసనాయిలు పోసుకున్నాననా?"

రెండేళ్లు నొక్కిపెట్టిన మాట అప్పుడు కట్ట తెంచుకుంది.

"అనుకోక ఏం చెయ్యనే? ముందురోజు రాత్రి నేను నిన్నేమన్నాను? కొల్లూరు సంబంధం వద్దన్నావని, ఉద్యోగం మానమన్నవాణ్ణి చచ్చినా చేసుకోనన్నావని, 'అయితే చావు, నాకో పీడ విరగడవుద్ది' అన్నాను. తెల్లారేసరికి నువ్వు మంటల్లో ఉన్నావు. కన్నతల్లి నోటితో చావమంది, అది చావబోయింది. ఇంకేం అనుకోను?"

"స్టవ్వు పేలిందని చెప్పాను కదమ్మా! నీకు చెప్పాను, నాన్నకి చెప్పాను, పోలీసులకి చెప్పాను."

"ఆ వార్డులో ప్రతి మంచం మీదా అదే మాట! అత్త తగలెట్టినా స్టవ్వే పేలింది, తనే పోసుకున్నా స్టవ్వే పేలింది. నువ్వూ అదే అన్నావు. నా పేరు బయటికి రాకుండా అబద్ధమాడావనుకున్నా. మీ నాన్న నమ్మాడు. ఆయనొట్టి వెర్రిబాగులాడు అనుకున్నాను."

అబీదా తల దించుకుంది. "మేము కూడా అంతేనండి" అంది మెల్లగా. "రాసుకునేవాళ్లం. నమ్మేవాళ్లం కాదు."

"అందుకేనా ఆ తాళం? అద్దం కూడా?"

"గాజు కదే. కోసుకుంటావేమోనని. బావిలో దూకుతావేమోనని. వచ్చినవాళ్లెవరైనా ఆ సంగతి ఎత్తి నిన్ను కదుపుతారేమోనని. పొద్దున ఆ పాపిష్టి మాట కూడా నువ్వు వెళ్లకుండా ఉండాలనే అన్నాను. సిగ్గుతో కాదు తల్లీ, భయం. కన్ను మూస్తే భయం, తెరిస్తే భయం."

ఎస్తేరు మంచం మీద కూర్చుండిపోయింది.

"నువ్వు అలిగి అన్నం తినకుండా పడుకున్నావు ఆ రాత్రి. పొద్దున్నే లేచి నీకు టీ ఇస్తే కోపం పోతుందని స్టవ్వు ముట్టించానమ్మా. పంపు కొడుతుంటే కిరసనాయిలు చిమ్మింది. నైలాన్ చీర. అంతే." ఆమె తల్లి కళ్లలోకి చూసింది. "మంటల్లో పెరట్లోకి పరిగెత్తుకొచ్చి నేనెవర్ని పిలిచాను? నిన్నే కదా. చావాలనుకున్నదాన్ని అమ్మా అని నిన్నెందుకు పిలుస్తాను?"

ఆ కేక మార్తమ్మకు ప్రతిరోజూ వినిపిస్తూనే ఉంది. అది నింద అనుకుంది ఇన్నాళ్లూ. రక్షించమని పిలిచిన పిలుపని ఒక్కసారీ తోచలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగి ఉంటే! ఆమె కూతురి ఒళ్లో తల పెట్టి, తన కన్నతల్లి పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. ఎస్తేరు తల్లి జుట్టు నిమురుతూ తనూ ఏడ్చింది. అబీదా కాగితాలు సంచిలో పెట్టేసుకుని, కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లి కూర్చుంది.

"ఇప్పుడైనా నమ్ముతావా?" అని అడిగింది ఎస్తేరు చివరికి.

"నమ్ముతాను. నిన్నింక నమ్ముతాను. భయం మాత్రం వెంటనే పోదే, రెండేళ్లు పెంచాను దాన్ని. అది నా దగ్గరుంటుందిలే. నువ్వు వెళ్లు."

సోమవారం బాపట్లదాకా వస్తానని మార్తమ్మ, అక్కర్లేదని ఎస్తేరు వాదించుకుని, బండి మారే తెనాలిదాకా అని రాజీ పడ్డారు. మేష్టారు ఇద్దరికీ టిక్కెట్లు తీసి, సామాను ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. రైలు పెట్టెలో జనం చూస్తూనే ఉన్నారు. ఎస్తేరు కొంగు మెడ మీదికి లాక్కోబోయి, మనసు మార్చుకుని వదిలేసింది. మార్తమ్మ కూతురి పక్కకు జరిగి కూర్చుంది.

ఎదురుగా అరటిగెలలతో కూర్చున్న పెద్దావిడ కాసేపు చూసి, మార్తమ్మ వైపు వంగింది. "పాపం, పోసుకుందామ్మా?"

"లేదండీ. నాకు టీ పెడుతుంటే స్టవ్వు పేలింది."

"అంతేలే తల్లీ" అంది ఆవిడ జాలిగా. "అందరూ స్టవ్వనే చెబుతారు. ఏ తల్లి మాత్రం ఉన్నది చెప్పుకుంటుంది?"

మార్తమ్మ చెంప ఛెళ్లుమన్నట్టయింది. నిజం చెబితే నమ్మకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. నా బిడ్డ నిజం చెబితే రెండేళ్లు నమ్మలేదు. బయటివాళ్లు కాదు, నేనే.

బండి కదిలింది. ఎస్తేరు తల్లి మోచెయ్యి పట్టుకుంది. "పోనీలేమ్మా. ఎంతమందికని చెబుతావు?"

"ఎంతమంది అడిగితే అంతమందికి" అంది మార్తమ్మ కళ్లనీళ్లతోనే. "నమ్మడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఈవిడకి తెనాలిదాకా టైముంది."

ఆమె ముందుకు జరిగి, ఆ పెద్దావిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.