గుర్తున్న చప్పుడు

ఆ రోజు పొద్దున్న కూడా ఆయన ఎప్పటిలాగే కారు తుడిచారు. ఇరవై ఎనిమిదేళ్ల నాటి కారు. కొన్నప్పుడు లేత నీలం. ఇప్పుడు ఏ రంగని అడిగితే ఇంట్లో ముగ్గురూ మూడు రంగులు చెబుతారు. బానెట్ మీద పొడిగుడ్డ చివరిసారి తిప్పి, "ఏమోయ్, ఎనిమిదిన్నరైంది. కళ్ల డాక్టరు మనకోసమే కాచుక్కూర్చుంటాడా?" అని కేకేశారు.

భార్య వంటింట్లోంచి జవాబివ్వలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయనకి ఎదురుగా నిలబడి, అప్పుడు అంది. "చెప్పులేసుకోవాలండీ, ఒక్క నిమిషం."

బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారాయన. డిపోలో ఆయన్ని 'స్టెతస్కోపు' అనేవారు. బస్సు గేటు దాటకముందే దాని రోగమేమిటో చప్పుడును బట్టి చెప్పేసేవారు మరి. కూతురి చిన్నతనంలో సాయంత్రాలు ఇంటి మెట్ల మీద ఇద్దరూ ఒక ఆట ఆడేవారు. ఆ పిల్ల వెనక నుంచి ఆయన కళ్లు మూసేది. రోడ్డు మీద పోయే బండేదో ఆయన చెప్పాలి. "పాలవాళ్ల వ్యాను. సైలెన్సర్‌కి చిల్లు పడింది, వాడికింకా తెలీదు," అనేవారు. పిల్ల కళ్ల మీది చేతులు తీసి చూస్తే పాల వ్యానే! ఆయన ఓడిపోయింది ఒక్కసారే. ఆ పూట వెళ్లింది బండి కాదు, ఎవరో దొర్లించుకుంటూ పోతున్న ఖాళీ డ్రమ్ము.

కళ్లాసుపత్రికి ఇంకో మలుపుందనగా కారు దడేల్మని ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. తాడు కట్టి 'పానా' షెడ్డుకి లాక్కెళ్లాల్సి వచ్చింది.

పానా అని అందరూ పిలిచే ఆ మెకానిక్ ఒకప్పుడు డిపోలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు యాభై దాటాయి, సొంత షెడ్డుంది. మర్నాడు ఇంజిన్ విప్పి కబురు చేస్తే ఆయనా, మందుల షాపులో సెలవు పెట్టి కూతురూ వెళ్లారు.

"చూడండి గురువుగారూ," అంటూ పానా ఒక బేరింగు రేకు ఆయన చేతిలో పెట్టాడు. వెండిలా మెరవాల్సిన రేకు అరిగి రాగి తేలింది. దాని మీద తిరిగే క్రాంకు ఇరుసు నిండా గాట్లు. "రెండు దార్లున్నాయండీ. ఇదే ఇంజిన్ కట్టాలంటే క్రాంకు సాన పట్టించాలి, సిలిండర్లకి బోరింగు చేయించాలి. ఈ మోడల్ సామాను ఇప్పుడు రావట్లేదు, వెతికి తేవాలి. రెండు నెలలు పట్టొచ్చు. అయినా ఎన్నాళ్లు నడుస్తుందో మాటివ్వలేను. లేదంటే, వెనక నుంచి దెబ్బతిన్న కారొకటి తుక్కు యార్డులో ఉంది, ఇదే మోడల్. దాని ఇంజిన్ ముత్యంలా ఉంది. నాలుగు రోజుల్లో మార్చేస్తా."

"మార్చేది లేదు. ఇదే కట్టు."

"నాన్నా, ఆయన చెప్పేది..."

"ఇదే కట్టమన్నాను కదా!"

పానా మెడ రుద్దుకున్నాడు. "ఒక్కటే అర్థం కావట్లేదండీ. ఇది నిన్నమొన్నటి అరుగుడు కాదు. మూడు నెలల నుంచి లోపల కొట్టుకుంటూ ఉండాలి. ఇంకొకరైతే సరే. మీరెలా వదిలేశారు?"

ఆయన మొహం కందగడ్డయింది. "కొట్టుకుంటే నాకు వినపడదా? నీకు పనిముట్టు పట్టుకోవడం నేర్పింది ఎవర్రా? తుక్కు ఇంజిన్ అంటగట్టడానికి నాకే కథలు చెబుతావా?"

పానా తల వంచుకుని ఆ రేకుని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

ఇంటికి రాగానే కూతురు ఆగలేకపోయింది. "అంత మాట అనాల్సింది కాదు నాన్నా. ఆ చప్పుడు నాక్కూడా వినపడింది. నువ్వు పొద్దున్నే కారు తీస్తుంటే మేడమీదకి టకటకమని వినపడేది. నాన్నకి తెలియని చప్పుడా, తెలిసే ఊరుకున్నాడనుకున్నా."

"తెలిసీ ఊరుకునేవాణ్నా నేను?" ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. "అందరూ కలిసి నన్ను ఎందుకూ పనికిరానివాణ్ని చేసేస్తున్నారు."

వెనక సోఫాలో కూర్చున్న భార్య మెల్లగా అంది. "నేనూ విన్నానండీ."

ఆయన కదల్లేదు. కిటికీలోంచి వీధి చూస్తూనే ఉన్నారు. కోపంతో పలకడం లేదనుకుంది కూతురు. తల్లి మాత్రం లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆయన మొహంలోకి చూస్తూ నిలబడేసరికి కూతురికి అప్పుడు తట్టింది. అమ్మ రెండేళ్లుగా ఇలాగే చేస్తోంది. ఏం చెప్పాలన్నా ఆయన ముందుకొచ్చే చెబుతోంది.

"వినపడలేదు కదూ?" అంది ఆవిడ.

"ఏది?"

"ఏదీ."

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరగబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"తప్పు నాదేనండీ. ఆ చప్పుడు మొదలైన రోజే విన్నాను. మీ పక్కనే కూర్చున్నాను కదా. చెబితే, మీకు వినపడలేదని మీకు తెలిసిపోతుంది. ఆ మొహం చూడలేననిపించింది. రేపు చెబుదాం, రేపు చెబుదామనుకుంటూ మూడు నెలలు గడిపేశాను. మీ ఇంజిన్ని చంపింది నేను."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నిజంగా నాకు ఇంజిన్ చప్పుడు వినపడుతూనే ఉంది. తాళం తిప్పగానే ఒకసారి దగ్గుతుంది. రెండో గేరులో చిన్న ఈల వేస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వెనక సీట్లో పిల్ల నిద్రపోయేది, నువ్వేదో కూనిరాగం తీసేదానివి. ఇంజినూ, నువ్వూ ఒకే శ్రుతిలో ఉండేవారు. నేను స్టీరింగు మీద తాళం వేసేవాణ్ని. ఆ కారెక్కితే ఇప్పటికీ నీ కూనిరాగం వినపడుతుంది."

ఆవిడ కళ్లు నిండిపోయాయి. "నేను కారులో పాడటం మానేసి రెండేళ్లయిందండీ. మీరు తాళం వేయడం మానేశారని."



"అయితే నేను వింటున్నదంతా గుర్తున్నదేనన్నమాట," అన్నారాయన చివరికి, తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు. "అందుకే ఇంజిన్ మార్చొద్దన్నాను కాబోలు. వేరేది వేస్తే దాని చప్పుడు నేనెప్పుడూ విన్లేదు. గుర్తుండటానికి ఏముంటుంది?"

కూతురు నేలమీద కూర్చుని ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది. చిన్నప్పుడు ఆయన కళ్లు మూసిన చేతులతోనే ఇప్పుడు ఆయన చేతుల్ని పట్టుకుంది.

మర్నాడు ఆయన ఒక్కరే షెడ్డుకి నడిచి వెళ్లారు. పానా ఏదో స్కూటరు కింద దూరి ఉన్నాడు. గురువుగారిని చూసి గాభరాగా లేచాడు.

"నిన్న నోరు జారాన్రా. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, మీరు అంతమాట..."

"ఇంకోటి. నాకు వినపడట్లేదు." బయటివాళ్లతో ఆ మాట అనడం అదే మొదటిసారి. "కాబట్టి కాస్త గట్టిగా మాట్లాడు."

పానా గబగబా స్టూలు లాగి వేశాడు. దాన్ని రెండుసార్లు తుడిచాడు. ఆయన కూర్చుని క్రాంకుని ఒళ్లోకి తీసుకున్నారు. గాట్ల వెంట బొటనవేలి గోరు నడిపించారు. ఒకచోట గోరు పట్టింది. మళ్లీ నడిపించారు, మళ్లీ అక్కడే పట్టింది. గాటు కాదు, బీట. సాన పడితే పోయేది కాదు.

"మీరు ఊఁ అంటే పది ఊళ్లు తిరిగైనా సామాను తెస్తా గురువుగారూ," అన్నాడు పానా గట్టిగా.

"వద్దురా. ఇరవై ఎనిమిదేళ్లు మోసింది. ఇంకా సాన పట్టి దీన్ని హింసపెట్టడం ఎందుకు? మార్చెయ్."

చెవుల డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవులకీ పరికరాలు రావడానికి పది రోజులు పడుతుందన్నాడు. ఈలోగా ఇంజిన్ మార్పు పూర్తయింది. కూతురు తాళాలు ఇస్తూ షరతు పెట్టింది. "పరికరాలొచ్చేదాకా మన కాలనీ వీధుల్లోనే. అమ్మ పక్కన లేకుండా తాళం తిప్పేది లేదు."

సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరూ బయల్దేరారు. రెండు వీధులు దాటాక ఆయన అడిగారు. "ఎలా ఉంది?"

"మెత్తగా ఉందండీ. పాతదానికన్నా కాస్త సన్న గొంతు. కానీ ఆగండాగండి, ఏదో టిక్కుటిక్కుమంటోంది!"

ఆయన వెంటనే కారు పక్కకి ఆపారు. దిగి బానెట్ ఎత్తి అరచేత్తో తడిమారు. కిందికి వంగి చూశారు. కారు చుట్టూ తిరిగి వచ్చి, ముందు మూలన ఆరుతూ వెలుగుతున్న పసుపుపచ్చ దీపం చూసి నిలబడిపోయారు. లోపలికొచ్చి స్టీరింగు పక్కనున్న మీట కదిపారు.

"ఇప్పుడు?"

"ఆగిపోయింది! ఏం చేశారు?"

"ఇండికేటరే, పిచ్చిదానా! ఇందాక మలుపులో వేసి, తీయడం మర్చిపోయాను."

ఆవిడ నోరు తెరిచింది. "అదా! రెండేళ్లుగా పాత ఇంజిన్‌లోనూ ఇలాగే మోగేది. అదీ దాని రోగమే అనుకున్నాను నేను!"

ఆయన స్టీరింగు మీద తలానించి నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లొత్తుకున్నారు. ఆవిడా నవ్వింది, కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో చిన్నగా అంది.

కొత్త ఇంజిన్ నడుస్తూనే ఉంది. ఆయన ఆవిడ వైపు ఒరిగి, చెవి దగ్గరగా పెట్టారు.

"ఏమన్నావ్? మళ్లీ చెప్పు."