ముందు హక్కులు, తర్వాత సంతకం

పదహారో తేదీ, శనివారం పొద్దున్న ఎనిమిదింటికి చక్రపాణి తన చిన్న కొడుకు ఇంట్లోంచి సూట్‌కేస్ లాక్కుంటూ బయలుదేరాడు. పెద్ద కొడుకు ఇల్లు అదే వరసలో నాలుగు గుమ్మాల అవతల. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్‌లో ఒకే రకం ఇటుకతో కట్టిన టౌన్‌హౌస్‌లు అవి. ఒకటో తేదీన అటు నుంచి ఇటు, పదహారో తేదీన ఇటు నుంచి అటు. మూడేళ్ళుగా ఇదే ప్రయాణం.

కుక్కను తిప్పుతున్న పక్కింటి ముసలాయన చెయ్యి ఊపి, ట్రిప్‌కా అని ఇంగ్లీషులో అడిగాడు. ప్రతి నెలా అడుగుతాడు. చక్రపాణి తల ఊపి ముందుకు సాగాడు. తొంభై అడుగుల దారికి చక్రాల పెట్టె ఎందుకో చెప్పేంత ఇంగ్లీషు అతనికి రాదు. వచ్చినా చెప్పడు.

ఈ వంతులు కొడుకులు పెట్టినవి కావు. తనే పెట్టాడు. ఒకే ఇంట్లో ఉంటే ఒక కోడలికే చాకిరీ, రెండో కోడలికి సుఖం, అది న్యాయం కాదన్నాడు. ఎవరి మీదా దయ చూపని న్యాయం అది. తన మీద కూడా.

ఆ వంతులు ఇవాళ్టితో ముగిసిపోయేలా ఉన్నాయి. పెద్దవాడు రాజీవ్ రెండు మైళ్ళ దూరంలో పెద్ద ఇల్లు చూశాడు. ఐదు పడకగదులు, బేస్‌మెంట్, వెనక చెట్లు. అన్నదమ్ములిద్దరూ కలిసి కొనాలి, అందరూ ఒకే కప్పు కింద ఉండాలి. సాయంత్రం ఐదు లోపల నలుగురూ ఆన్‌లైన్‌లో సంతకాలు పెడితే ఇల్లు వీళ్ళది. లేకపోతే వెనక ఇంకొకరు కాచుకుని ఉన్నారు. రాజీవ్, అతని భార్య ఉమ, తమ్ముడు నీరజ్ పెట్టేశారు. నీరజ్ భార్య విద్య ఇంకా పెట్టలేదు.

పొద్దున్న విద్య కాఫీ ఇచ్చినప్పుడు ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చక్రపాణి చూశాడు. అడగలేదు. అడగడం అతనికి అలవాటు లేదు.

రాజీవ్ ఇంట్లో వంటగది నిండా దోసెల వాసన. ఉమ పెనం ముందు ఉంది. పదమూడేళ్ళ మనవరాలు అవని బల్ల మీద పెద్ద అట్ట పరిచి, మార్కర్ నోట్లో పెట్టుకుని కూర్చుంది.

"తాతయ్యా, నా లక్ చూడు. సోమవారం క్లాస్‌లో డిబేట్. పదిహేడు వందల ఎనభై ఎనిమిది, రిచ్‌మండ్, కాన్‌స్టిట్యూషన్‌కి మన వర్జీనియా ఎస్ చెప్పాలా నో చెప్పాలా అని. నాకు నో వాళ్ళు వచ్చారు. వాళ్ళు ఓడిపోయారు!"

"ఎంత తేడాతో?"

"ఎనభై తొమ్మిది, డెబ్బై తొమ్మిది."

"పది ఓట్లా? అదేం ఓటమి? మా సొసైటీ ఎన్నికలో నేను ఇరవై రెండు ఓట్లతో ఓడిపోయి కూడా కోర్టుకు వెళ్ళాను. ఇంతకీ వాళ్ళ గోలేమిటి?"

అవనికి ఉత్సాహం వచ్చింది. "అంటే, అప్పుడే ఇంగ్లండ్ కింగ్‌ని తరిమేశారు కదా. మళ్ళీ ఒక పెద్ద గవర్నమెంట్ పెట్టి అన్నీ దాని చేతిలో పెడితే, అది కూడా కింగ్‌లా అవుతుంది కదా అని. ట్యాక్స్ వాళ్ళే, ఆర్మీ వాళ్ళే, కోర్ట్ వాళ్ళే. జార్జ్ మేసన్ అని ఒకాయన. మన కౌంటీనే తాతయ్యా, ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది! మనుషుల హక్కులు ఏవీ అందులో రాయలేదు, ఈ కాగితం మీద సంతకం పెట్టే బదులు కుడిచెయ్యి నరుక్కుంటాను అన్నాడు."

చక్రపాణి ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు వచ్చింది. "పెట్టాడా చివరికి?"

"పెట్టలేదు."

"మనిషంటే వాడు. ఉమా, ఇంకో దోసె వెయ్యమ్మా."

"ఆగు తాతయ్యా, ఇంకోటి ఉంది." అవని మార్కర్ మూత పెట్టింది. "హక్కులు రాయమని అంత ఫైట్ చేశాడు కదా, ఆయన ఇంట్లోనే స్లేవ్స్ ఉన్నారు. చాలామంది. వాళ్ళ హక్కులు ఎవరూ రాయలేదు. బయట అంత మాట్లాడి, ఇంట్లో ఎందుకు చూడలేదు?"

దోసె ముక్క చక్రపాణి చేతిలోనే ఆగిపోయింది. రెండో దోసె వద్దని లేచి వెళ్ళిపోయాడు.

పదకొండింటికి అందరూ రాజీవ్ హాల్లో చేరారు. రాజీవ్ ఆఫీసులో ప్రాజెక్టులు నడిపే మనిషి. ఇంట్లో కూడా లాప్‌టాప్ టీవీకి తగిలించకుండా ఏదీ చెప్పలేడు. తెర మీద మొదటి స్లైడ్ పడింది. ఒకే కిచెన్, ఉమ చూసుకుంటుంది. రెండో స్లైడ్. ఒకే క్యాలెండర్, రాజీవ్ చూసుకుంటాడు. మూడో స్లైడ్. బేస్‌మెంట్‌లో గెస్టులు.

"ఏ గెస్టులు బావగారూ?" విద్య అడిగింది.

"ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు కదమ్మా. ఎమ్మెస్‌కి వచ్చే పిల్లలు, రూమ్ దొరికేదాకా."

"రుత్విక్‌లాగానా?"

నీరజ్ నేలచూపులు చూశాడు. అవని నవ్వు ఆపుకోవడానికి దిండు నోటికి అడ్డం పెట్టుకుంది. పోయిన ఆగస్టులో విద్య ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె సోఫాలో ఎవరో కుర్రాడు దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. రాజీవ్ స్నేహితుడి మేనల్లుడట. తన దగ్గరున్న తాళంచెవితో రాజీవే తలుపు తీసి పడుకోబెట్టి వెళ్ళాడు. రూమ్ దొరకడానికి పదకొండు వారాలు పట్టింది.

"అది ఎమర్జెన్సీ. అయినా ఇప్పుడు ఇవన్నీ ఎందుకు? ఈ ప్లాన్ మొత్తం ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. అందరూ థంబ్స్ అప్ కొట్టారు. నువ్వు కూడా కొట్టావు. టైమ్‌తో సహా చూపించనా?"

"బావగారూ, ఆ గ్రూప్‌లో మీరు ఏది పెట్టినా నేను థంబ్స్ అప్ కొడతాను. గుంటూరు పెదనాన్నగారు పోయారని పెట్టినప్పుడు కూడా కొట్టాను. చదవకుండా."

నీరజ్ ఫక్కున నవ్వాడు. అన్న చూడగానే దగ్గుగా మార్చుకున్నాడు.

"అంటే నీకు మాతో ఉండటం ఇష్టం లేదు," అన్నాడు రాజీవ్. "సూటిగా చెప్పొచ్చు కదా. నాన్న ఈ వయసులో నెలకి రెండుసార్లు పెట్టె లాక్కుంటూ తిరుగుతున్నారు. నీకది కనపడటం లేదా?"

"కనపడుతుంది. మామయ్యగారి కోసమే రాత్రంతా ఆలోచించాను." విద్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ మాట తడబడలేదు. "కలిసి ఉండటం నాకు ఇష్టమే. అక్క చేతి వంటా ఇష్టమే. కానీ నా ఇంట్లో ఎవరు పడుకోవాలో, నేను ఎప్పుడు వండుకోవాలో, నన్ను అడగకుండా స్లైడ్‌లో రాసేస్తే ఎలా? ఇప్పుడు నాలుగు గుమ్మాల దూరం ఉంది కాబట్టి సరిపోయింది. ఆ దూరం కూడా తీసేశాక నాకేం మిగులుతుంది?"

"నమ్మకం మిగులుతుంది. ముందు సంతకం పెట్టు. ఇబ్బందులుంటే తర్వాత మార్చుకుందాం. మనం మనం ఒకటే కదా?"

అవని దిండు విసిరేసి లేచింది. "డాడీ! సేమ్ టు సేమ్ ఇదే అన్నారు ఎస్ వాళ్ళు! ముందు సంతకం, తర్వాత మార్పులు అని!"

"అవనీ, పెద్దవాళ్ళ మధ్య..."

"దాన్ని మాట్లాడనివ్వు," అన్నాడు చక్రపాణి.

అంతవరకూ అతను మూల కుర్చీలో గోడలా కూర్చున్నాడు. అందరూ తిరిగి చూశారు.

"చెప్పు. తర్వాత మార్చారా?"

"మార్చారు తాతయ్యా. మూడేళ్ళకి పది హక్కులు రాశారు. కానీ అదేదో వాళ్ళంతట వాళ్ళు ఇవ్వలేదు. నో చెప్పినవాళ్ళు ఓడిపోయాక కూడా ఊరుకోలేదు, అందుకు." అవని తన అట్ట మీద వేలు పెట్టి చూపించింది. "మూడోది చూడు పిన్నీ, ఇది నీదే. ఇంటివాళ్ళు ఒప్పుకోకుండా సోల్జర్స్‌ని వాళ్ళ ఇంట్లో పెట్టకూడదు!"

"సోల్జర్ నయం. పొద్దున్నే లేచి పరేడ్‌కన్నా వెళ్తాడు," అంది ఉమ.

అందరూ ఆమె వైపు చూశారు. ఉమ చేతిలో గరిటె ఉంది. అది పెట్టడం మర్చిపోయి హాల్లోకి వచ్చేసింది.

"నన్నెవరు అడిగారు?" అంది భర్తతో. "ఒకే కిచెన్, ఉమ చూసుకుంటుంది అని రాశారు. ఆరుగురికి, పైగా బేస్‌మెంట్‌కి, మూడు పూటలా నేను వండుతానని ఎప్పుడు చెప్పాను?"

"నువ్వూ థంబ్స్ అప్..."

"కొట్టాను. కొట్టకపోతే మీరు పక్క గదిలోంచి ఫోన్ చేసి ఎందుకు కొట్టలేదని అడుగుతారు!"

ఈసారి నీరజ్ నవ్వు దగ్గుగా మారలేదు. రాజీవ్ ముఖం ఎర్రబడింది. లాప్‌టాప్ మూసేశాడు. "సరే. వదిలేద్దాం. ఇల్లు వద్దు, ఏమీ వద్దు. అందరి మంచి కోసం చేస్తే నేనే చెడ్డవాణ్ణి అయ్యాను. నాన్నా, మీరైనా చెప్పండి. మీరు చెప్తే విద్య కాదనదు."

అది నిజమే. విద్య కాదనదు. ఆమె తల వంచుకుని చున్నీ అంచు మెలిపెడుతోంది. చక్రపాణి ఒక్కమాట అంటే సాయంత్రానికి ఇల్లు సొంతమవుతుంది, పెట్టె అటకెక్కుతుంది.

"మీ అమ్మకు పార్శ్వపు నొప్పి ఉండేది," అన్నాడు అతను.

ఎవరికీ అర్థం కాలేదు. అతని భార్య లీలావతి పోయి ఆరేళ్ళయింది. ఆమె గురించి అతను ఎప్పుడూ మాట్లాడడు.

"మీ పెదనాన్న పెత్తనంలో ఇరవై ఒక్క మందిమి ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో కోడళ్ళు పగలు తలుపు వేసుకోకూడదు. అది కట్టుబాటు. మీ అమ్మ నన్ను ఒక్కటే అడిగింది. మధ్యాహ్నం ఒక గంట తలుపు వేసుకుని చీకట్లో పడుకుంటాను, మీ అన్నయ్యకు చెప్పండి అని. సొసైటీ ప్రెసిడెంటును కోర్టుకు ఈడ్చినవాణ్ణి. తాసిల్దారును ముఖం మీద అడిగినవాణ్ణి. మా అన్నను మాత్రం అడగలేకపోయాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగలేదు కాబట్టి సరిపెట్టుకుంది అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు."

అవని వైపు చెయ్యి చూపించాడు. "పొద్దున్న ఈ పిల్ల అడిగింది. బయట అంత మాట్లాడినవాడు ఇంట్లో ఎందుకు చూడలేదని. అది నన్నే అడిగినట్టుంది. రాజీవ్, నువ్వు చెడ్డవాడివి కాదు. మా అన్నా చెడ్డవాడు కాదు. ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నారు అనుకుంటారు మీరు. విద్యా, హక్కులు రాసే దాకా సంతకం పెట్టకు. నేను చచ్చేదాకా పెట్టె లాక్కుంటాను, నాకేం అరిగిపోదు. దానికి చక్రాలున్నాయి."

విద్య ఏడ్చేసింది. ఉమ గరిటె సోఫా మీద పడేసి ఆమె పక్కన కూర్చుంది. రాజీవ్ లేచి, తన తాళంచెవుల గుత్తిలోంచి ఒకటి విడదీశాడు. గోరు విరిగింది. దాన్ని విద్య చేతిలో పెట్టాడు.

"మీ ఇంటిది. సారీ అమ్మా. రుత్విక్ విషయంలో నేను అడిగి ఉండాల్సింది." కూతురి వైపు తిరిగాడు. "అవనీ, ఆ అట్ట తిప్పు. వెనక ఖాళీయేనా?"

"ఎస్! ఎస్! డిబేట్‌లో మేమే గెలిచాం!" అవని గంతులేసింది.

"ఇంకా గెలవలేదు. రాయి," అన్నాడు చక్రపాణి.

మధ్యాహ్నం మూడింటిదాకా అదొక సంత. ఇంటివాళ్ళందరూ ఒప్పుకోనిదే బేస్‌మెంట్‌లో ఎవరినీ దింపకూడదు. ఇది మొదటే తేలిపోయింది. వంట మూడు రోజులు ఉమ, మూడు రోజులు విద్య అనుకున్నారు. ఏడో రోజు నీరజ్ అనగానే అందరూ గోల పెట్టారు. బయట తినే హక్కు అని అవని దిద్దింది. గ్రూప్‌లో థంబ్స్ అప్ ఓటు కింద లెక్కకు రాదు. ఎవరి గది తలుపు వాళ్ళు పగలైనా సరే వేసుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. ఇది రాసేటప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇక్కడ రాయనివి కూడా మనుషుల దగ్గరే ఉంటాయని అవని చివర చేర్చింది. అది అసలు పదిలో తొమ్మిదోదట.

"నాకేం లేదా?" అన్నాడు రాజీవ్ దిగులుగా.

"మీకేం కావాలి బావగారూ?"

అతను నిజంగానే ఆలోచించాడు. "నెలకి ఒక్క శనివారం. ఏదీ ప్లాన్ చెయ్యమని నన్ను ఎవరూ అడగకూడదు."

"మేమెప్పుడు అడిగాం అన్నయ్యా?" అన్నాడు నీరజ్. ఆ మాటకు అందరికంటే ఎక్కువ రాజీవే నవ్వాడు, కళ్ళు తుడుచుకునేంతగా.

మూడుంపావుకు విద్య ఫోన్ తీసి సంతకం పెట్టింది. ఈసారి ప్రతి పేజీ చదివింది. చదువుతున్నంతసేపు రాజీవ్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

చక్రపాణి అలసిపోయాడు. మేడ మీద గదిలోకి వెళ్ళి, తలుపు వేసి గడియ పెట్టాడు. పగటిపూట గడియ పెట్టడం డెబ్బై నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. కర్టెన్లు లాగి చీకట్లో పడుకున్నాడు. ఎవరూ తట్టలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు. లీలావతి అడిగింది ఇంతే కదా అనుకున్నాడు. కణతల మీదుగా తడి చెవుల్లోకి జారింది. తుడుచుకోలేదు.

పది నిమిషాలకు లేచి కూర్చున్నాడు. కింద ఏదో జరుగుతోంది. నీరజ్ మొదటి దోసె వేస్తున్నట్టున్నాడు. ఉమ కేకలు, విద్య నవ్వు, పొగ పసిగట్టి మొత్తుకుంటున్న అలారం, దాని కింద తువ్వాలు ఊపమని రాజీవ్ ఆజ్ఞలు, ఓటింగ్ పెట్టాలని అవని అరుపులు. తలుపు వేసి ఉండటంతో మాటలు సరిగ్గా వినపడటం లేదు.

చక్రపాణి గడియ తీసి, తలుపు జానెడు తెరిచి పెట్టి, మళ్ళీ వచ్చి పడుకున్నాడు.