చనిపోయినవాళ్లు బుక్ చేసిన గదులు

టెక్కలి పాత బస్టాండు దగ్గర మందుల దుకాణం మేడ మీద ఒకే ఒక గది ఉంది. తలుపు మీద ‘భారతి, ప్రైవేటు విచారణలు’ అని చిన్న బోర్డు. బుధవారం పొద్దున్న పది గంటలకి ఆ మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. కొంగు చివర పిడికిట్లో బిగించి నిలబడింది.

“సచ్చిపోయినోలు నా లాడ్జిలో గదులు బుక్ సేత్తన్నారమ్మా,” అంది.

అప్పలసూరి టీ గ్లాసు కింద పెట్టాడు. ముప్పై ఏళ్లు పలాస డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యాక, మూడేళ్లుగా భారతి దగ్గర సహాయకుడిగా ఉంటున్నాడు. తాగినవాళ్లనీ టిక్కెట్టు తియ్యనివాళ్లనీ కావలసినంతమందిని చూశాడు గానీ ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు. భారతి వైపు తిరిగాడు. యాభై ఏళ్ల మనిషి. తగలబడిన దుకాణాలు వాటంతటవి తగలబడ్డాయో, తగలబెట్టారో తేల్చడం ఇదివరకు ఆవిడ చేసిన ఉద్యోగం. ఆవిడ భయపడలేదు, నవ్వలేదు. చేతికి కొత్త తాళంకప్ప దొరికితే అటూ ఇటూ తిప్పి చూసినట్టు వచ్చినావిడని చూసింది. ఆ చూపంటే అప్పలసూరికి మహా గురి.

“ముందు కూర్చోండి. మీ పేరు?”

పేరు రత్నాలమ్మ. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు. భర్తా తనూ పడవలూ వలలూ అమ్మేసి, కాశీబుగ్గలో రైలు స్టేషన్‌కి దగ్గరగా పది గదుల లాడ్జి కట్టారు. భర్త పోయాడు. లాడ్జి ఒక్కటే మిగిలింది. నిరుడు ఆమె తమ్ముడి కొడుకు రవిశంకర్ ఆ పది గదులనీ ఇంటర్నెట్‌లో బుకింగ్ సైటులో పెట్టాడు. మూలపేటలో పోర్టు పనికొచ్చే ఇంజినీర్లు రైల్లో ఉండగానే ఫోన్‌లో గది బుక్ చేసుకుంటున్నారు.

“నెల్లాళ్లుగా మంగళారం రెండో మూడో, సుక్రారం రెండో మూడో గదులు బుక్కవుతున్నాయి. డబ్బులు వచ్చాక ఇత్తామని రాత్తారు. ఒక్కలూ రారు. రాకపోతే రాకపోనారు అనుకున్నాను. నిన్న రవి ఫోన్‌లో సూద్దును కదా, మా అప్ప పేరు. ఎర్రమ్మ. పోయి ఆరేల్లయింది.”

“తర్వాత?”

“పాతవన్నీ సదవమన్నాను. మార్చి మార్చి తొమ్మిది పేర్లే. అందరూ మా ఉద్దానపోలే. కిడ్నీలు పాడై ఎనిమిదిమంది పోనారు. తొమ్మిదోవోడు బాబ్జీ, మా ఆడపడుసు కొడుకు. ఆడు బతికే ఉన్నాడు. విశాఖలో కిడ్నీ మార్చే ఆపరేసనయ్యాక గుజరాత్ ఎల్లి వలల కొట్టులో పని సేత్తన్నాడు. ఫోన్ సేత్తే, నానెందుకు బుక్ సేత్తాను అత్తా, అన్నాడు.” గొంతు తగ్గించింది. “పోయినోల మజ్జిన ఆడి పేరెందుకొచ్చిందమ్మా? ఆడికేటైనా అవుద్దా?”

“రానివాళ్ల గదులు ఆ రోజుల్లో ఖాళీగానే ఉండిపోయాయా?” అని అడిగింది భారతి.

“నేదమ్మా. మా మేనేజరు జోగారావన్న సాయంత్రానికి ఎవులో ఒకల్ని సర్దేవోడు. ఆయనే నేకపోతే మునిగిపోదును.” కొంగు వదిలి మళ్లీ పట్టుకుంది. “హైవే మీద హోటలున్న తారకేశ్వరరావుగారు లీజుకిమ్మని ఏడాదిగా అడుగుతున్నారు. సుక్రారం మజ్జానం కాయితాలు తెత్తారు. ఈలోగా నిజం తెలిత్తే నా లాడ్జి నాది. నేకపోతే ఇచ్చేసి ఊరెల్లిపోతాను. అప్ప పేరున్న గదికి తాళం తియ్యనేను.”

రత్నాలమ్మ రవి చేత రాయించి తెచ్చిన బుకింగుల కాగితంలో పేరు పక్కన ఫోన్ నంబరు కూడా ఉంది. భారతి వరసగా నొక్కింది. మూడు నంబర్లు వాడుకలో లేవు. నాలుగోది ఎత్తినవాడు బరంపురం నుంచి ఒరియాలో మాట్లాడాడు. ఆ నంబరు రెండేళ్లుగా తనదేనన్నాడు. రత్నాలమ్మ తన ఫోన్ తెరిచింది. అక్క నంబరు చెరపడానికి మనసు రాక అలాగే ఉంచుకుంది. బుకింగులో ఉన్నదీ అదే నంబరు.

“ఫోన్లు కూడా పట్టుకెళ్లారన్నమాట,” అన్నాడు అప్పలసూరి. అన్నాక నవ్వు రాలేదు.

“పేరూ నంబరూ పక్కపక్కన ఎక్కడ రాసి ఉంటాయండీ?” అంది భారతి చెప్పులు వేసుకుంటూ.

ముగ్గురూ కాశీబుగ్గలో బస్సు దిగేసరికి ఎండ నెత్తి మీదుంది. జీడిపిక్కలు కాలుస్తున్న వాసన వీధంతా పట్టుకుని ఉంది. లాడ్జి కౌంటరులో జోగారావు లేచి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి, సొంతూరు నందిగాం. ఇరవై ఏళ్లుగా తాళాలిచ్చేదీ, రిజిస్టరులో పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసేదీ ఆయనే. పాత రిజిస్టర్లు మెట్ల కింద బీరువాలో ఉన్నాయి. తాళం ఆయన దగ్గరే ఉంటుంది. నెలకోసారి పోలీసు స్టేషన్‌లో చూపించడానికి రవిశంకర్ పట్టుకెళ్తాడు. మూడో మనిషి వాటిని ముట్టుకోడు.

భారతి రెండు గంటలసేపు ఆ పుస్తకాలు తిరగేసింది. తొమ్మిది పేర్లూ దొరికాయి. ఆరేడేళ్ల కిందటివి, తలో పుటలో. నంబర్లు ఒక్క అంకె తేడా లేకుండా అవే.

తొమ్మిదీ చదివి, “వీళ్లని ఎరుగుదురా?” అని జోగారావుని అడిగింది.

“ఎరక్కపోవడమేటమ్మా. ఆస్పత్రికొచ్చినప్పుడల్లా ఇక్కడే దిగేవోలు. పాపం, తొమ్మిదిమందీ మంచోలే. ఒక్కలూ యాభై దాటనేదు,” అని ఆయన తల దించుకున్నాడు.

“బుకింగ్ సైటు సంగతి తెలుసా?”

“రవికి తెలుసు. తాళం ఇమ్మన్నోడికి ఇత్తాను. అంతే.”

రవిశంకర్ సెల్‌ఫోన్ల దుకాణం ఎదురుగానే ఉంది. అతను మాట్లాడుతూనే ఎవరిదో ఫోన్ విప్పుతున్నాడు.

“పేర్లు నేను చూడను మేడం. ఎన్ని గదులు నిండాయో చూస్తాను. ఒకరి ఫోన్‌లోంచి ఇంకొకరి పేరున బుక్ చెయ్యొచ్చు. ఎవరి ఫోనో సైటువాళ్లు చెప్పరు.”

“బాబ్జీ పేరు కూడా చూడలేదా?”

“అత్త చెప్పాకే తెలిసింది. వాడి ఆపరేషనప్పుడు రెండు నెలలు విశాఖలో వాడి మంచం పక్కన పడుకున్నాను నేను. వాడితో ఇలాంటి వేళాకోళాలేంటండీ.”

తారకేశ్వరరావు తన హోటల్లో ఏసీ గదిలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. “లాడ్జి కావాలి నాకు. దాపరికమేటి? పోర్టు వత్తంది. దెయ్యాల్తో బుక్ సేయించక్కర్నేదు, మరో ఏడాది ఆగితే ఆవిడే ఇత్తాది,” అన్నాడు. ఆ లాడ్జి వరండా దాటి తను లోపలికి అడుగే పెట్టలేదట. రత్నాలమ్మా ఆ మాటే అంది.

తిరుగు బస్సు కోసం భారతీ అప్పలసూరీ బస్టాండులో నిలబడ్డారు. వజ్రపుకొత్తూరు బస్సు ఇంకా ఆగకుండానే ఒకావిడ పరిగెత్తుకెళ్లి కిటికీలోంచి తువ్వాలు సీటు మీదకి విసిరింది. అప్పలసూరికి పాత కోపం లేచింది.

“ముప్పై ఏళ్లూ దీంతోనే గొడవ మేడంగారూ. మనిషి రాకుండానే సీటు నిండిపోద్ది. తువ్వాలు ఎవలిదంటే ఎవలూ పలకరు. బండి కదిలే ముందు మాత్రం మనిషొచ్చి కూకుంటాడు.”

భారతి అతని మొహంలోకి చూసింది. “మళ్లీ చెప్పండి అప్పలసూరిగారూ.”

మళ్లీ చెప్పాడు. ఆవిడ టెక్కలి దాకా వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది. తను ఏదో పనికొచ్చే మాటే అన్నానని అతనికి తెలిసింది. ఏ మాటో తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం లాడ్జి ముందుగదిలో అందరూ కూడారు. తారకేశ్వరరావు లీజు కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు. జోగారావు కౌంటరు దగ్గరే నిలబడ్డాడు. రవిశంకర్ తలుపుకి ఆనుకున్నాడు.

“రత్నాలమ్మగారూ, దెయ్యాలు లేవు,” అంది భారతి. “పేర్లూ నంబర్లూ మీ పాత రిజిస్టర్లోవి. అవి తారకేశ్వరరావుగారి చేతికి అందలేదు. అందినవాళ్లు ఇద్దరే. జోగారావుగారు, రవి.”

రవిశంకర్ ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తింది.

“రాసినవాడు చనిపోయినవాళ్ల పేర్లే ఏరుకున్నాడు. ఎనిమిది సరిపోయాయి. తొమ్మిదోది తప్పింది. బాబ్జీ పోయాడనుకునే రాశాడు. వాళ్ల ఊళ్లో అందరికీ వాడు బతికినట్టు తెలుసు. రవి అయితే వాడి పక్కనే ఉన్నాడు. తెలియనిది, వేరే ఊరి నుంచి వచ్చి, వాడిని జబ్బుతో చూసి మళ్లీ చూడనివాడికి. మొన్న నేను తొమ్మిది పేర్లు చదివితే తొమ్మిదిమందీ పాపం అన్న మనిషి ఒక్కడే.”

అందరూ జోగారావు వైపు తిరిగారు. ఆయన ఎవరి వైపూ చూడలేదు.

“ఎందుకు రాశారో అప్పలసూరిగారే చెప్పారు, బస్టాండులో. బుకింగ్ ఉన్న గదులు ఖాళీగా పోలేదు, సాయంత్రానికి మనుషులొచ్చారు. అంటే గదులు చెడగొట్టడానికి కాదు, పట్టి ఉంచడానికి. అవి బస్సు సీట్ల మీద వేసే తువ్వాళ్లు. మంగళ, శుక్రవారాలు ఆస్పత్రిలో డయాలసిస్ రోజులని నిన్న కనుక్కున్నాను. రక్తం శుద్ధి చేయించుకుని నీరసంతో ఊరు వెళ్లలేనివాళ్ల కోసం. అవునా జోగారావుగారూ?”

జోగారావు చేతిలోని తాళాలు కౌంటరు మీద పెట్టాడు.

“ఆలు ఫోన్‌లో బుక్ సెయ్యరమ్మా. సూది పీకేక ఎలగుంటాదో సూసుకుని, అప్పుడు వత్తారు. ఇరవై ఏళ్లూ ఇచ్చినాను. సైటొచ్చేక మజ్జానానికే నిండిపోతంది. ఓ ముసలాయన్ని నేదు పొమ్మన్నాను. తెల్లారి స్టేషన్ కాడికి టీకెల్తే బెంచీ మీద ముడుసుకుని పడుకుని ఉన్నాడు. మా మనవరాలు నా ఫోన్‌లో బుకింగ్ ఎలగో నేర్పింది. ఈ పనికని దానికి తెలీదు.”

“పోయినోల పేర్లేటన్నా?” అంది రత్నాలమ్మ.

“బతికున్నోడి పేరు రాత్తే, ఆడొచ్చి నా గదేదంటే ఏటి సెప్పను? ఆలైతే రారు. పరాయోలూ కారు. ఈ మంచాల మీద పడుకున్నోలే.” ఆగి, భారతిని అడిగాడు. “బాబ్జీ నిజంగా బతికున్నాడా?”

“ఉన్నాడు.”

జోగారావు స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

“నాతో ఓ మాట సెప్పొచ్చు కదా,” అంది రత్నాలమ్మ. “నాలుగు రోజులు అన్నం ముద్ద దిగనేదు నాకు.”

“సెప్పినాను. రవినడుగు అన్నావు. రవినడిగితే, నిండితే నిండినట్టే మావా, అన్నాడు.”

తారకేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. “సొంత మేనేజరే ఇలగ సేత్తే రేపు ఇంకేటి సేత్తాడో. సంతకం పెట్టేసి సుఖంగా ఉండమ్మా.”

భారతి అతన్ని పట్టించుకోకుండా రవిశంకర్ని అడిగింది. “పది గదులూ సైటులో పెట్టక తప్పదా?”

“అదేం లేదు మేడం. ఎన్ని పెడితే అన్నే అమ్ముతుంది. మిగతావి మన కౌంటరువే. రెండు నొక్కులు.”

జోగారావు తలెత్తాడు. “తక్కువ పెట్టొచ్చా?”

“పెట్టొచ్చు మావా.”

“మరి నాకెవలూ సెప్పనేదేటి?”

రవిశంకర్ నేల చూపులు చూశాడు. అప్పలసూరికి నవ్వొచ్చింది, కానీ ముసలాయన మొహం చూసి దగ్గుతో కప్పేశాడు.

రత్నాలమ్మ లేచింది. “కాయితాలు అట్టుకెల్లండి బావూ,” అంది తారకేశ్వరరావుతో. అతను వాటిని చుట్టి చంకలో పెట్టుకుని, మజ్జిగ తాగడానికి ఎప్పుడైనా రమ్మని భారతితో చెప్పి వెళ్లాడు.

“రవీ, ఆ సైటున్న ఫోన్ జోగారావన్నకియ్యి. ఇవాల్టి నుంచి ఆయనే సూత్తాడు. నువ్వు పక్కన కూకుని నేర్పు.”

రవిశంకర్ ఎక్కడ నొక్కాలో చూపించాడు. జోగారావు కళ్లద్దాలు పెట్టుకుని బొటనవేలు తెర మీద ఆనించాడు. పది కాస్తా తొమ్మిదయింది. ఇంకోసారి నొక్కాడు. ఎనిమిది. చాలా అన్నట్టు రత్నాలమ్మ వైపు చూశాడు.

“ఏడు సెయ్యి,” అంది ఆమె.