పేరు పెట్టి పిలిచే మోరీ

తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో, రెండు మైళ్ళు దాటినాక, వాననీళ్ళు రోడ్డు కింద పారేదానికి ఒక మోరీ కట్టినారు. దాంట్లో నీళ్ళు పారింది తక్కువ, దానికి వచ్చిన చెడ్డపేరు ఎక్కువ. పొద్దుగూకినాక ఆడ ఎవరో ఎనక నుంచి పేరు పెట్టి పిలుస్తారంట. తిరిగి చూసినారా... అంతే! చూసినోళ్ళు ఏమైనారో చెప్పేదానికి ఎవరూ మిగల్లేదంట. అందుకే ఆ మాటకు ఎదురు చెప్పినోళ్ళూ లేరు.

దేవనాథన్‌కి మాత్రం ఇదంతా నవ్వులాట. గూడూరులో గుమాస్తా ఉద్యోగం, పెళ్ళయి మూడు నెలలు. పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిది ఎండాకాలం సెలవులకు తిరుపతిలో అత్తగారింటికి వచ్చినాడు. తన మొగుడంత ధైర్యవంతుడు లేడని పెండ్లాం కల్యాణవల్లి నమ్మాల... ఆయన కోరికంతా అదే. బస్సులో పోతే అది తెలిసేదెట్లా? మునస్వామి అంగడిలో సైకిలు బాడుగకు తీసుకుని, ఆమెను ఎనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని చంద్రగిరి కోటకు బయలుదేరినాడు.

"పొద్దుండంగానే వచ్చేయప్పా... మోరీ ఉండాది," అన్నాడు మామ యతిరాజులు.

"నేనుండంగా దెయ్యమా మామా? వస్తే దాన్ని కూడా హ్యాండిలు మీద కూర్చోబెట్టుకుని వస్తా!"

ఆహా, ఏం ధైర్యం!

ఇంక ఆ సైకిలు సంగతి. పల్లంలో బ్రేకు పట్టదు, మిట్టలో పట్టింది వదలదు. ఎనక చక్రం మడ్‌గార్డుకు రాసుకుంటా ఉండాది కాబట్టి, క్యారియర్ మీద మనిషి ఉన్నా లేకున్నా ఒకటే బరువు. మిట్ట వచ్చినప్పుడంతా కల్యాణవల్లి గమ్మున కిందికి దూకి, ఎనక నుంచి తోసి, పైకి చేరినాక ఎగిరి కూర్చునేది. పోయేటప్పుడు ఏడు తూర్లు దూకింది పాపం. ఆయన మాత్రం అంతా తన కాళ్ళ బలమే అనుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు రెండు తూర్లు చైను ఊడింది. చీకటి పడిపోయింది.

"నాకు భయంగా ఉండాది. మీరుండారనే ధైర్యం," అనింది కల్యాణవల్లి.

"ఎవరు పిలిచినా తిరిగి చూడొద్దు," అని గుసగుసగా చెప్పినాడు. "నాకేం భయం లేదు. నీ కోసం చెప్తాండా."

మోరీ ముందర పెద్ద మిట్ట. తొక్కే కొద్దీ వెలిగేది డైనమో లైటు. వేగం తగ్గింది... లైటు ఎర్రబడింది... మిణుకుమిణుకుమని... ఆరిపోయింది.

చిమ్మచీకటి.

ఎట్లో మిట్ట ఎక్కినాడు. ఇంక పల్లం. సైకిలు దానంతట అదే పరిగెత్తి మోరీ దాటింది. అప్పుడు... ఎనక నుంచి —

"దేవనాథా...!"

ఆడగొంతు!

కల్యాణవల్లా? ఛ! మొగుని పేరు నోట పలికే వంశం కాదు ఆమెది. మొన్న ఆస్పత్రిలో చీటీ రాసే ఆయన మొగుని పేరు అడిగితే, తోడు పోయిన వాళ్ళ నాయన చేత చెప్పించింది. చచ్చినా పలకదు. కాబట్టి ఇది కల్యాణవల్లి కాదు. అంత భయంలో కూడా ఆయన బుర్ర ఎంత బాగా పనిచేసిందో చూడండి!

"దేవనాథా... నిలూ...!"

ఇంకెక్కడ నిలిచేది? చెప్పు ఒకటి జారిపోయినా వదిలేసి తొక్కినాడు. "గట్టిగా పట్టుకో కల్యాణీ," అంటే జవాబు లేదు. భయంతో నోరు పడిపోయినట్టుంది పాపం, అని జాలిపడినాడు.

ఇంటి ముందర సైకిలు నిలిపి, రొమ్ము విరుచుకుని, "చూస్తివా కల్యాణీ, నేనేమన్నా భయపడ్నానా?" అన్నాడు.

అరుగు మీద నుంచి యతిరాజులు దిగినాడు. క్యారియర్ కేసి చూసినాడు. అల్లుని కేసి చూసినాడు.

"బిడ్డ యాడప్పా?"

దేవనాథన్ అప్పుడు తిరిగి చూసినాడు. క్యారియర్ మీద ఎవరూ లేరు. మామ లాంతరు వెలిగించి బయలుదేరబోతాంటే, సందు మొగలో నుంచి కల్యాణవల్లి వచ్చింది. ఒంటినిండా దుమ్ము, చేతిలో మొగుని చెప్పు.

"ఎక్కినానో లేదో కూడా చూడకుండా పోతిరే!"

"నువ్వు పేరు పెట్టి పిలిస్తే నాకెట్లా తెలుస్తుంది? ఎప్పుడైనా పిలిచినావా?"

"నేను యాడ పిలిచినాను? 'ఏమండీ, ఏమండీ' అని అరిచి అరిచి గొంతు పోయింది. మోరీ గట్టు మీద కూర్చోనుండిన పెద్దామె లేచి, 'నీ గొంతు చాలదు లేమ్మా, నేను పిలుస్తా' అని పిలిచింది. మీరు నిలవలేదు. 'పోనీలే బిడ్డా, నేను తోడొస్తా పద' అని ఈ సందు మొగ దాకా వచ్చి వదిలిపెట్టి పోయింది. రెండు మైళ్ళు నాలుగడుగుల మాదిరి అయిపోయినాయి. తోడంటే అదీ!"

దేవనాథన్ తల వంచుకున్నాడు. యతిరాజులు లాంతరు ఎత్తి సందు మొగకేసి చూసినాడు. ఎవరూ లేరు.

"ఎవరో పుణ్యాత్మురాలు," అన్నాడు. ఒక అడుగు వేసి, ఆగినాడు. "అవునుగానీ బిడ్డా... అల్లుని పేరు ఆమెకు నువ్వే చెప్పినావా?"

చెప్పు కింద పెట్టబోయిన కల్యాణవల్లి అట్లే నిలబడిపోయింది.

"నేనెట్లా చెప్తాను నాయనా... ఆయన పేరు?"